తల్లిగారింటికి వచ్చిన ఇంజన్లు

ఆ ఉదయం టీ చల్లారేలోపు కరపత్రం ముగించాలని విమల కూర్చుంది. జనగామలో ఆయిల్ ఇంజన్లు బిగించి అమ్మే కంపెనీలో, వాటిని ఎలా వాడాలో రాయడం ఆమె ఉద్యోగం. భర్తకు పని పోయినప్పటి నుంచి ఇంటికి ఆ జీతమే ఆధారం. పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి ‘నట్టు బిగించవలెను, నీరు నింపవలెను’ అని రాసి రాసి ఆమెకు విసుగు పుట్టింది. ఈసారి కొత్తగా రాసింది.

“ఈ ఇంజన్ మీ ఇంటికి వచ్చిన కొత్త కోడలు. రాగానే పని చెప్పకండి. ముందు నీళ్లివ్వండి, నూనె చూడండి. అలసిపోతే కాసేపు కూర్చోనివ్వండి. మర్యాదలన్నీ కొత్త కోడలికి చేసినట్టే చేయండి.”

యజమాని మహిపాల్ ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు.

వేసవిలో ఇంజన్లు బాగానే అమ్ముడుపోయాయి. ఆషాఢం వచ్చింది, వానలు పడ్డాయి. ఒక పొద్దున తరిగొప్పుల నుంచి ఎడ్లబండ్లు వచ్చి కంపెనీ ముందు వరుసగా ఆగాయి. బండ్ల మీద పసుపు రాసిన ఇంజన్లు. సరుకు వాపసు తెచ్చారనుకుని మహిపాల్ గేటు మూయించాడు. దాంతో రైతులకు రోషం వచ్చింది. ఆడపిల్ల ఇంటికొస్తే తలుపులు వేసే మనుషులను ఎక్కడా చూడలేదని బజారంతా వినబడేటట్టు అన్నారు. బజారు కూడా అది నిజమేనంది.

వాళ్లలో పెద్దమనిషి భిక్షపతి గేటు సందులోంచి కరపత్రం చూపించాడు.

“ఆషాఢం గదా పటేలా. కొత్త కోడలు తల్లిగారింట్ల ఉండాలె. మీరే రాసిన్రు. బండెక్కిస్తుంటే మా ఇంటామె కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది.”

మహిపాల్ ఆ కరపత్రాన్ని మొదటిసారి చదివాడు. విమలను పిలిచాడు.

“రేపటి సంది నువ్వు గూడ తల్లిగారింటికే పో విమలా.”

విమల కదలలేదు. “ఒక్క ఇంజన్ ఖరాబైనా పోత సార్. జర విప్పించి చూడున్రి.”

మెకానిక్ దామోదర్ ఒక్కొక్కటే విప్పాడు. పాత కరపత్రంతో పోయినవి నీళ్లు లేక మాడిపోయి తిరిగొచ్చేవి. వీటిలో ఒక్కదానికీ గీత పడలేదు.

“ఏ ఇంట్ల కోడలు గూడ ఇంత సుఖంగ లేదు సార్” అన్నాడు.

గేటు తెరిచారు. శ్రావణంలో సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోయకపోతే కదిలేది లేదని రైతులు పట్టుబడితే, మహిపాలే ఇంజన్‌కొక సోలెడు పోశాడు. ఆ ఏడాది కొత్త ఇంజన్లు అడిగిన వాళ్లంతా కోడలినే ఇమ్మన్నారు.

ఆ తర్వాత పురుగుమందు కొట్టే పంపులకు కరపత్రం రాయవలసి వచ్చింది. ఎవరితోనైనా పోల్చుకో, తల్లిగారింటికి పోని మనిషైతే చాలునని మహిపాల్ చెప్పాడు.

విమల ఆలోచించి, ఇల్లరికపు అల్లుడని రాసింది.