డేగపెట్టకు కళ్ళగంతలు

ఆ పొద్దు సత్తియ్య, దారం కుళ్ళకుండా, వలకు చెక్కరసం పట్టిద్దామనుకున్నాడు. కాగు పొయ్యి మీదికెక్కింది, చెక్కలు నానుతున్నాయి, గాలి కూడా సముద్రం మీదికి పోనిచ్చేలా లేదు. మనిషికి ఒకరోజు ఒడ్డున కూర్చోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. సరిగ్గా అప్పుడే అతని భార్య బుల్లెమ్మ ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని గుమ్మంలో ఆగింది.

"పెట్ట సంగతి చూడు మావా. నేను కాకినాడ నుంచి వచ్చేసరికి దాని బాధ తీరిపోవాల."

"నేనా?"

"నువ్వు కాకపోతే కలకటేరు గారొత్తారా?"

పెట్ట అంటే ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కోడి, డేగరంగు పెట్ట. నాలుగైదు రోజులుగా మేత ముట్టడం లేదు. మెడ ఒక పక్కకు తిరిగిపోయి, నోరు తెరుచుకుని, పెరట్లో ముడుచుకు కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పాత తలుపు తెరిచిన చప్పుడు. వాము నీళ్ళు పోశారు, పసుపు పూశారు, దిష్టి తీశారు. ఏదీ పని చేయలేదు. వేరే కోడి అయితే బుల్లెమ్మ ఎప్పుడో కూరలో వేసేది. ఇది అలాంటిది కాదు. గాలివాన వచ్చిన ఏడు ఇంట్లోకి నడుములోతు నీళ్ళొస్తే బుల్లెమ్మ చూరెక్కి కూర్చుంది, పెట్ట ఆవిడ ఒళ్ళో కూర్చుంది. సత్తియ్య పడవ ఏమైందో తెలియక తెల్లవార్లూ ఏడ్చిన మనిషికి ఆ పెట్ట ఒక్కటే తోడు.

"తినకూడదు. కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టు. నొప్పి తెలీకుండా చెయ్యి. నా కళ్ళ ముందు మాత్తరం వద్దు," అని కొంగుతో ముక్కు తుడుచుకుని బుల్లెమ్మ వెళ్ళిపోయింది.

ఇక్కడ సత్తియ్య గుట్టు ఒకటి చెప్పాలి. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం మీద బతుకుతున్నాడే గాని, తన చేత్తో ఒక ప్రాణం తీసి ఎరగడు. చేపలంటారా, వాటిని నీళ్ళలోంచి బయటికి తేవడం వరకే అతని పని. మిగతాది అవే చూసుకుంటాయి. పండక్కి కోడిని కోయాల్సి వస్తే చుట్టం ఎవరో వచ్చి కోసేవాడు. ఆ వేళకు సత్తియ్యకి పడవ దగ్గర ఏదో ఒక పని తగిలేది.

కత్తి నూరాడు. కావలసిన దానికన్నా ఎక్కువసేపే నూరాడు. పెరట్లోకి వెళ్ళి పెట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. అది తిరిగిపోయిన మెడతో, ఒంటికంటితో అతన్ని చూసింది. సత్తియ్య కత్తిని చూరులో దోపేశాడు. పెట్టని గంప కింద మూసి, ఎందుకైనా మంచిది, తెలిసినవాళ్ళని అడుగుదామనుకున్నాడు.

దడికి అవతల మరిడమ్మ వాకిలి ఊడుస్తోంది.

"మరిడమ్మా, కోడికి నొప్పి తెలీకుండా ప్రాణం పోవాలంటే ఏది మేలంటావు?"

"ఇలా ఇయ్యన్నా. ఒక్క మాటు మెడ తిప్పేత్తాను."

"దాని మెడ ఇప్పటికే తిరిగుందమ్మా. అదే కదా జబ్బు."

మరిడమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "మెడ తిరిగిందా? మేత మానేసిందా? నోరు తెరుత్తోందా?"

"అన్నీని."

మరిడమ్మ చీపురు పారేసి తన పెరట్లోకి వెళ్ళింది. కోళ్ళకు తెగులు తగిలితే ముందు మెడ తిరుగుతుందని, ఆ తరవాత ఊళ్ళో ఒక్క ఈక మిగలదని ఆ జాలరి పాకల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చచ్చిన కోడి మట్టిలోకి, చావకముందు కోసిన కోడి చట్టిలోకి. అందుకే తెగులు మాట వింటే అక్కడ ఎవరూ మందు నూరరు, మసాలా నూరతారు. మరిడమ్మ పుంజు ఎండలో కునుకు తీస్తోంది. అది రోజూ తీసే కునుకే. ఈ రోజు మాత్రం ఆవిడకి ఆ కునుకు నచ్చలేదు.

సత్తియ్య ఇదేమీ చూడలేదు. కాలవ దాటి పాదిరి దొరగారి బంగళాకి నడుస్తున్నాడు. అక్కడి వంటవాడు అబ్రహాము వీళ్ళ పాకలవాడే. వరసకి బావమరిది అవుతాడు. ఒకప్పుడు అప్పన్న. దొరగారి వంటింట్లో చేరి, మతం పుచ్చుకుని అబ్రహాము అయ్యాడు. పాకలవాళ్ళు కోపం వస్తే అప్పన్నా అని, పని పడితే అబ్రహామూ అని పిలిచేవారు.

"అబ్రహామూ, నీ చేతి మీద ఎన్ని కోళ్ళు పోయుంటాయి?"

"లెక్కెట్టలేదు బావా. ఎన్ని ఆదివారాలో అన్ని కోళ్ళు."

"నొప్పి తెలీకుండా కొయ్యాలంటే?"

అబ్రహాము భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఇన్నేళ్ళ వంటలో ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

"నొప్పి కత్తిలో లేదు బావా, కోడి కంట్లో ఉంది. కత్తిని చూసిందా, సగం అప్పుడే చచ్చినట్టు. అంచేత ముందు కళ్ళకి గుడ్డ కట్టాల. ఇది దొరసాని గారి మాట. నువ్వెళ్ళి గంతలు కట్టి, ఒళ్ళో ఎట్టుకుని, మెడ నిమురుతా ఉండు. దొరగారికి అన్నం పెట్టేసి నేనొత్తాను. కత్తి గుడ్డలో చుట్టుకొత్తాను."

సత్తియ్యకి గుండెల మీంచి లంగరు ఎత్తినట్టయింది.

అబ్రహాము మాట తప్పే మనిషి కాదు. దొరగారి భోజనం కాగానే గుడ్డలో చుట్టిన కత్తి చంకన పెట్టుకుని బయల్దేరాడు. పాకల మొదట్లోనే ఒక అరుగు మీంచి పిలుపు వచ్చింది.

"ఎక్కడికి అబ్రహామూ?"

"సత్తియ్య బావింటికి. కోడి పని."

అప్పటికి మరిడమ్మ ఇంట్లోంచి మసాలా వాసన వీధంతా తిరుగుతోంది. పండగ లేదు, చుట్టం రాలేదు, కోడికూర ఎందుకని అడిగినవాళ్ళకి ఆవిడ దాచకుండా చెప్పింది, సత్తియ్యన్న ఇంట్లో మెడ తిరిగిందని. ఇప్పుడు దొరగారి వంటవాడే కత్తితో దిగాడు. ఒక్క పెట్ట కోసం అంతటి వంటవాడు వస్తాడా? దొరగారే పంపి ఉంటారన్నారు ఒకరు. ఊళ్ళో కోళ్ళన్నీ కోయించమన్నారట అన్నారు ఇంకొకరు. "ట" ఎవరు కలిపారో తెలియలేదు.

"అబ్రహామూ, మాయి రెండున్నాయి. కానిచ్చి పోదూ."

"అలాగే. ముందు కళ్ళకి గుడ్డ కట్టండి."

పక్కింటివాళ్ళు చూస్తూ ఊరుకుంటారా. వాళ్ళూ పిలిచారు. ఆ పక్కవాళ్ళూ పిలిచారు. ఆడవాళ్ళు పాత కోకలు చింపి గంతలు కట్టారు. పొద్దు వాలేసరికి పాకల్లో మసిగుడ్డ మిగల్లేదు. ఇంటింటా పని కాగానే అబ్రహాముకి ఆకులో కాస్త కూర పెట్టారు. పెట్టింది వద్దనడం అతనికి చేతకాదు. సత్తియ్య ఇల్లు వీధి చివర ఉంది. అబ్రహాము ఆ వైపే నడుస్తున్నాడు, ఇంటికొక కూర చొప్పున.

ఊరిపెద్ద అబ్బులు గారు వీధిలోకి వచ్చి నిలబడి తీర్పు చెప్పారు. "తెగులు మన పాకలు దాటకూడదు. మాపటికల్లా ఎవరి కోళ్ళు వాళ్ళు కోసేసుకోండి." చెప్పి, లోపలికి వెళ్ళి, తన పందెం పుంజుని చంకలో పెట్టుకుని, దొడ్డిదారిన ఎటో వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఇక్కడ సత్తియ్య పెరట్లో చాప వేసుకుని, గంతలు కట్టిన పెట్టని ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నాడు. వీధిలో అడుగు చప్పుడైతే అబ్రహామే అనుకుని కళ్ళు మూసుకునేవాడు. చప్పుడు పోగానే తెరిచేవాడు.

"ఎంతకీ రాడేంటే," అన్నాడు పెట్టతో. "భయపడకు. నువ్వేం చూడక్కర్లేదు. నేనూ చూడను."

పోయే ప్రాణానికి గొంతు తడపాలి కదా అని నీళ్ళు పోశాడు. బయటికి వచ్చేశాయి. జారుడుగా ఉంటుందని ఆముదం రెండు చుక్కలు పోశాడు. అది లోపలికి పోయింది. మళ్ళీ నిమిరాడు. ఎంతసేపు నిమిరాడో, మెడ కింద మేతతిత్తి దగ్గర వేలికి ఉండలా ఏదో తగిలింది. మెల్లగా పైకి ఒత్తాడు. పెట్ట డోకింది. నాలుక మొదట్లో నల్లటి కొస ఒకటి కనబడింది.

సత్తియ్య కొసని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పట్టుకోగానే అతనికి తెలిసిపోయింది. అది తన వల దారమే. కిందటి వారం వల బాగుచేస్తూ కోసి పారేసిన ముక్క, చేపవాసన తగిలి పెట్ట మింగేసింది. లాగలేదు. వలకన్నులో చిక్కిన చేపని విడిపించినట్టు కాస్త వదిలి, కాస్త తీసి, ఆముదం ఇంకో చుక్క పోసి, మళ్ళీ కాస్త వదిలాడు. దారం వచ్చింది. వస్తూనే ఉంది. మూరెడు దారం, దాని కొసన ఊకా గడ్డీ చుట్టుకున్న ఉండ.

పెట్ట ఒళ్ళంతా విదిలించుకుంది. మెడ నిటారుగా ఎత్తింది. గంతల్లోంచే గురి చూసి అతని బొటనవేలిని ఠక్కున పొడిచింది. సత్తియ్య ఆ వేలు అలాగే పెట్టి ఉంచాడు, ఇంకోసారి పొడుస్తుందేమోనని.

బుల్లెమ్మ వీధి మొదట్లోకి వచ్చేసరికి గాలికి ఈకలు ఎగురుతున్నాయి. మరిడమ్మ ఎదురొచ్చి చేతిలో ముంత పెట్టబోయింది.

"కూర తిని పో వదినా. అంతా మీ ఇంటి పుణ్యమే."

బుల్లెమ్మ ముంత అందుకోలేదు. రెండో ఇంట్లోనూ పిలిచారు. మూడో ఇంట్లో ముసలమ్మ మూలిగ చీకుతూ, "నీ మొగుడు చల్లగుండాలే," అంది. బుల్లెమ్మ ఖాళీ గంప వీధిలో ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి పడింది.

"తినొద్దన్నాను కదా మావా. పాతిపెట్టమంటే ఊరంతా పంచావా? అయినా ఒక్క పెట్ట ఇంతమందికెలా వచ్చిందయ్యా?"

సత్తియ్య ఒళ్ళోంచి "కొక్కొక్కొ" అని వినబడింది. బుల్లెమ్మ దగ్గరికొచ్చి పెట్ట కళ్ళగంతలు విప్పింది. అది ఆవిడ కొంగులో దూరింది, ఆ గాలివాన రోజున దూరినట్టే. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. ఈసారి ముక్కు తుడుచుకోలేదు.

ఆవిడ వెనకే ఊరంతా వచ్చింది, అబ్బులు గారు ముందు.

"నీ ఇంట్లో ఎన్ని పోయాయి సత్తియ్యా?"

"ఒక్కటీ పోలేదండి. గొంతులో ఇది అడ్డం పడింది." సత్తియ్య దారం ఎత్తి చూపించాడు.

జనం దారాన్ని చూశారు, పెట్టని చూశారు, తరవాత ఒకరినొకరు చూసుకున్నారు. తిట్టడానికి నోళ్ళు తెరిచారు గాని, తెరిచిన నోళ్ళలోంచి త్రేన్పులే వచ్చాయి. అంతలో రేవు వైపు నుంచి, అబ్బులు గారి పడవలో తెరచాప కిందనుంచి, పందెం పుంజు గొంతెత్తి కూసింది. మళ్ళీ కూసింది. ఊరంతా అబ్బులు గారి వైపు తిరిగింది.

"ఊరికి ఇత్తనం ఉండొద్దట్రా?" అన్నారాయన నేల చూస్తూ.

దాంతో అందరికీ లెక్క తెలిసింది. ఊళ్ళో మిగిలింది ఒక పుంజు, ఒక పెట్ట. పొద్దుట పెట్టని మెడ తిప్పి ఇస్తానన్న మరిడమ్మ, అందరికన్నా ముందు బుల్లెమ్మ పక్కన చేరింది. "గుడ్లెట్టినప్పుడు నన్ను మర్చిపోకు వదినా. మన దడి ఒకటే కదా."

అప్పుడొచ్చాడు అబ్రహాము, పొట్ట పట్టుకుని, చంకలో కత్తితో.

"ఆలీసమైపోయింది బావా. ఏదీ, గంతలు కట్టేవా?"

"అక్కర్లేదబ్రహామూ. బాగయింది."

అబ్రహాము చూశాడు. గంతలు లేవు. పెట్ట మెడ నిటారుగా ఎత్తి రెండు కళ్ళతోనూ తనవైపే చూస్తోంది. మధ్యాన్నం నుంచీ ఊరందరికీ నీతి చెప్పిన మనిషి కనక, కత్తిని గబుక్కున వీపు వెనక దాచి, వీధి మలుపు దాకా వెనక్కి వెనక్కే నడిచి వెళ్ళాడు.