రిఫరెన్సుల్లో తప్పిపోయిన మనిషి

“నా కంటినుంచి తప్పించుకున్న నేరస్థుడు ఇంతవరకూ పుట్టలేదు. ఇకమీదట పుట్టినా పురిట్లోనే పట్టుకుంటాను!”

ఈ ప్రకటన చేసేటప్పటికి డేగకన్ను చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని ఉన్నాడు. డేగకన్ను అన్నది ఆయన తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. ఉద్యోగమంతా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాడు. రిటైరయ్యాక చదవడానికి మీటర్లు లేక మనుషుల ముఖాలు చదవడం మొదలుపెట్టాడు. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే. ఎదురింటాయన చెప్పులు మాయమైతే వీధి వీధంతా గాలించి, చివరికి అవి తన కాళ్ళకే ఉన్నాయని కనిపెట్టాడు.

ఇవేవీ వినే స్థితిలో బుల్లి లేదు. బుల్లి ఆయన అన్న కూతురు. బాబాయి ఇంట్లో ఉంటూ వానపాముల మీద పరిశోధన చేస్తోంది. మట్టి ఎండితే అవి ఉండచుట్టుకుని నిద్రపోతాయి. మళ్ళీ తడి తగలకముందే కొన్ని మేలుకుంటాయని ఆమె వ్యాసం. సైన్సు పత్రికవాళ్ళు బాగుందన్నారు, అచ్చేస్తామన్నారు, చివర్లో ఒక మెలిక పెట్టారు. రిఫరెన్సులన్నీ, అంటే ఆధారంగా తీసుకున్న పాత వ్యాసాల వివరాలన్నీ, తమ పద్ధతిలోకి మార్చి ఈ సాయంత్రంలోపు పంపాలట. పంపకపోతే ఈ సంచికలో చోటు లేదు. ఈ సంచికలో రాకపోతే బుల్లి డాక్టరేటు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

పొద్దున్నుంచీ ఆ పిల్ల కామాలు తీసి చుక్కలు పెడుతోంది, చుక్కలు తీసి కామాలు పెడుతోంది. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు వెనక, సంవత్సరానికి బ్రాకెట్లు, పత్రిక పేరుకి వాలు అక్షరాలు. అన్నీ దారికొచ్చాయి, ఒక్కటి తప్ప. వ్యాసం మధ్యలో ఒక ఇంటిపేరూ పక్కనే సంవత్సరమూ ఉన్నాయి. చివర జాబితాలో చూస్తే ఆ మనిషి లేడు.

“ఎక్కణ్ణుంచి తెచ్చావే వీణ్ణి?” అన్నాడు డేగకన్ను భూతద్దం తుడుచుకుంటూ.

“మా గైడుగారి పాత థీసిస్‌లోంచి ఎత్తి రాశాను బాబాయ్. దాని చివరి పేజీలు చెదలు తినేశాయి. ఆయనకీ ఇంటిపేరు తప్ప ఏమీ గుర్తు లేదట. నెట్ అంతా జల్లెడ పట్టాను, దొరకలేదు.”

“అయితే తీసిపారెయ్.”

“తీసేస్తే నా వ్యాసమే పోతుంది. తడి తగలకముందే లేచిన వానపాముల్ని మొట్టమొదట చూసింది ఆ మనిషే. నేను కట్టిందంతా దాని మీదే కట్టాను.”

డేగకన్ను పత్రికవాళ్ళ ఉత్తరాన్ని కంప్యూటర్ తెర మీదే భూతద్దంతో చదివాడు. అలాంటి రచయిత నిజంగా ఉన్నదీ లేనిదీ నిర్ధారించమని రాశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మనిషి ఉన్నాడో లేడో తెలీదట! బుల్లీ, ఇది కామాల కేసు కాదు. హత్య కేసు!”

“కామాల కేసే బాబాయ్.”

“మరి చెదలు సరిగ్గా ఆ పేజీలే ఎందుకు తిన్నాయి? వాటికి ఉప్పందించిందెవరు?”

బుల్లి తల పట్టుకుంది. అంతలో పిన్ని టీ కప్పులతో వచ్చింది. ఆ ఇంట్లో పిన్నికి పేరుతో పనిపడి చాలాకాలమైంది. బాబాయికి ఆమె ‘ఏమోయ్’, బుల్లికి ‘పిన్నీ’, పాలవాడికి ‘అమ్మగారూ’. ఆమె కప్పులు బల్ల మీద పెట్టి, గుమ్మం పక్క పూలకుండీలో వేలుపెట్టి మట్టి కదిపి చూసింది.

“ఇవాళ వాన తప్పదు. మావాళ్ళు లేచారు,” అంది.

“ఏమోయ్, ఇక్కడ ఘోరమైన దర్యాప్తు జరుగుతుంటే మధ్యలో మట్టి గోలేమిటి?” అని కసిరాడు డేగకన్ను. ఆమె వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, బుల్లి చెవి దగ్గరికి వంగాడు. “ఆ పేరు బయటికి పొక్కకూడదు. ముఖ్యంగా ఇంట్లోవాళ్ళకి చెప్పకు.”

“నీ పథకమేంటి?”

“మారుపేరుతో బతికేవాడు ఎంత జాగ్రత్తపడినా, అసలు పేరు వెనకనుంచి హఠాత్తుగా పిలిస్తే తిరిగి తీరతాడు. వలపన్నుతున్నాను!”

వలపన్నడానికి వీధిలోకి వెళ్ళాడు. బుల్లి కిటికీలోంచి చూస్తూ ఉంది. మొదట దర్జీ వెనక నిలబడి ఆ ఇంటిపేరుతో గావుకేక పెట్టాడు. దర్జీ తిరగలేదు, కత్తెర తిరిగింది, ఎవరిదో చొక్కాకి ఒక చెయ్యి పొట్టిదైంది. తర్వాత మంగలి షాపు గుమ్మంలో పిలిచాడు. లోపల్నుంచి సగం మీసంతో ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు.

“దొరికాడు!” అనుకున్నాడు డేగకన్ను. కానీ ఆయన వచ్చింది పలకడానికి కాదు, తన్నడానికి.

డేగకన్ను పరుగెత్తుకొచ్చి ఇంటి మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి లోపలికి దూకి తలుపేశాడు. ఆ దూకడంలో కుడికాలి బొటనవేలు వెళ్ళి పూలకుండీకి ఠపీమని తగిలింది. దెబ్బ తగిలితే ఎవరైనా ‘అమ్మా’ అంటారు. పొద్దున్నుంచీ నోట్లో నానుతున్నది ఆ ఇంటిపేరే కాబట్టి, ఆయన గొంతు చించుకుని అదే అరిచాడు.

“ప్రెజెంట్ సార్!” అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

బుల్లి గభాలున లేచింది. వంటింటి గుమ్మంలో పిన్ని గరిటె ఉన్న చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. తనెందుకు పలికిందో తనకే అర్థమైనట్టు లేదు.

“నువ్వెందుకు పలికావోయ్?” అన్నాడు డేగకన్ను వేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ.

“నన్ను పిలిస్తే నేను కాక ఎవరు పలుకుతారండీ? మా క్లాసులో నా పేరువాళ్ళు ముగ్గురం. మాస్టారు మమ్మల్ని ఇంటిపేర్లతో పిలిచేవారు. పెళ్ళయ్యాక మళ్ళీ ఆ పిలుపు ఇవాళే విన్నాను.”

“పిన్నీ, నువ్వు... వానపాముల మీద ఏమన్నా రాశావా?”

“ఒక్కటే, చిన్న ముక్క. తడి తగలకముందే లేస్తాయని చెబితే అందరూ నవ్వారు. అయినా పంపాను, వేశారు. తర్వాత పెళ్ళయింది. ఆ పత్రికా మూతపడింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“పెద్ద చదువు చదువుతున్నావు, నా పాత ముక్క నీకెందుకులే అనుకున్నాను.”

పిన్ని ఆ పత్రిక పేరు చెప్పగానే బుల్లి లైబ్రరీకి ఫోన్ చేసింది. లైబ్రేరియన్ పాత సంపుటాలు దులిపి, తుమ్మి, వివరాలు చదివి చెప్పింది. బుల్లి టైపు చేస్తుంటే బయట వాన మొదలైంది. ఇంటిపేరు, కామా, పొడి అక్షరం, చుక్క. పిన్ని తెర మీదికి వంగి ఆ వరుస చూసుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “చుక్క తర్వాత కాస్త ఖాళీ వదలాలేమో చూడవే,” అంది.

డేగకన్ను భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. ఆ ఇంటిపేరు ఆయన పెళ్ళిపత్రిక మీద ఉండే ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన చూసుకున్నది తన పేరు పక్కన ఉద్యోగం వేశారా లేదా అన్నదొక్కటే. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు, ఆమె ఏం చదివిందో కూడా అడగలేదు. ఆయనకి నిజంగా సిగ్గేసింది. సిగ్గేసినా ఎంతోసేపు ఊరుకోగల మనిషి కాదు కదా.

“ఏదేమైనా నేను అరవబట్టే కదా కేసు తేలింది! వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరు వేస్తావా బుల్లీ?”

“వేస్తాను బాబాయ్. కుండీ పేరు కింద.”

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. “మిగతావి పైకి చదువు, నేను చుక్కలు చూస్తాను,” అంది. డేగకన్ను అటూ ఇటూ తచ్చాడి, గొంతు సవరించుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెని ఆ ఇంటిపేరుతో, చివర ‘గారూ’ తగిలించి మరీ పిలిచాడు.

“టీ తాగుతారా?”

పిన్ని నవ్వింది. “తాగుతాను. మీరే పెట్టండి.”

కాసేపటికి వంటింట్లోంచి డబ్బాల మూతలు ఒకటొకటిగా తీస్తున్న చప్పుడు, ఆ వెంటనే గంభీరమైన గొంతు వినిపించాయి. “పంచదార కనబడటం లేదు! దీని వెనక పెద్ద ముఠాయే ఉంది!”

బుల్లి పంపించే మీట నొక్కి, నవ్వాపుకుంటూ లేవబోయింది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“వెతకనీవే. డేగకన్ను కదా.”