ఊహలకు చట్రం బిగించిన కమిటీ

పిల్లలు చెట్టూ పుట్టా పట్టుకుని తిరుగుతూ, ఊహల్లో తేలిపోతూ ఆడుకోవాలా? తప్పకుండా ఆడుకోవాలి! కాకపోతే ముందు దానికొక కమిటీ ఉండాలి. కమిటీ లేని ఆట ఆట కాదు, అల్లరి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మార్కాపురం బాలల ఆరుబయలు ఊహాక్రీడల ప్రోత్సాహక కమిటీకి ప్రెసిడెంటును నేనే.

కొత్త రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు దాటింది. బావులకు కమిటీ వచ్చింది, కోళ్లకు వచ్చింది, ఎరువు గుంటలకూ వచ్చింది. పిల్లలేం పాపం చేశారు? మొన్న వేసవిలో బ్లాకు ఆఫీసరుగారు జీపులో వచ్చి, ప్రకృతి ఒడిలో గంతులేసే పిల్లలకే ఇమాజినేషన్ పెరుగుతుందని గంటన్నర ప్రసంగించారు. ఆ గంటన్నరా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టాం. సభ ముగిసేసరికి నా మెడలో దండ పడింది. పలకల వ్యాపారి గదా, రాతకోతలు తెలిసినవాడని ఊళ్లో నా మీదొక భ్రమ. దాన్ని పోగొట్టే అవకాశం ఇన్నాళ్లకు దొరికింది.

అంతకుముందు మన పిల్లల ఆటలు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఊరి బయట వాగులో, పనికిరావని పారబోసిన పలక ముక్కల కుప్పల మధ్య పడి దొర్లేవారు. ఒక ప్లానా, ఒక టైమా! మా అమ్మాయి వసుంధరకు ఎనిమిదేళ్లు. దానికి అక్కడొక గుర్రం ఉండేది. గుర్రమంటే మూడు మూలలు విరిగిన పలక ముక్క. రోజూ నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఆ గుర్రం సంగతులు చెప్పేది. ఒకనాడు నల్లమల ఎక్కి, పులి మొహాన తుమ్మి వచ్చిందట. ఇంకోనాడు యర్రగొండపాలెం బస్సుతో పందెం కట్టి గెలిచిందట. ఆ బస్సు సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఇది మాత్రం నమ్మాను.

నిజం చెప్పొద్దూ, ఆ కబుర్ల కోసమే నేను దుకాణం పెందలాడే కట్టేసి ఇంటికి పోయేవాణ్ణి. ప్రెసిడెంటు కాకముందు మాట లెండి.

పదవిలోకి రాగానే నా మొదటి చూపు ఆ ముక్కల మీద పడింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ పలకలు ఏరడమే నా పని. అంచు తిన్నగా ఉంటే ఇటు, బీట కనిపిస్తే అటు. విరిగిన పలకను చూస్తే నాకు అన్నం సహించదు. అలాంటిది మార్కాపురం పిల్లలు పారేసిన సరుకుతో ఆడుకోవడమా? బయటి ఊరివాళ్లు చూస్తే మన పరువేం కాను?

రెండు బండ్లు పెట్టి ముక్కలన్నీ ఎత్తించేశాను. వాటి బదులు కొయ్య చట్రాలు బిగించిన నలభై మేలురకం పలకలు ఇప్పించాను. ఏది ఏమిటో తెలియక పిల్లలు తికమక పడకూడదని, వాటి మీద నా దస్తూరీతోనే రాశాను: గుర్రం, ఏనుగు, కోట, పులి. ఒడ్డున ఉన్న తుమ్మచెట్లు కొట్టించి, ఆ కంపతోనే చుట్టూ కంచె వేయించాను. ప్రకృతి అడ్డం లేకుండా ప్రకృతి చక్కగా కనబడుతోంది! ఇక టైంటేబుల్. నాలుగింటి నుంచి నాలుగుంపావు దాకా ఆశ్చర్యపడుట. ఆ పైన పది నిమిషాలు సీతాకోకచిలుకను చూచుట. సీతాకోకచిలుక రాకపోతే వచ్చినట్టు రాసుకునే బాధ్యత సెక్రటరీ ఉమామహేశ్వర్లుది.

వాగులో మేకలు మేపే రాచర్ల మల్లయ్య కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంది సెట్టీ, పిల్లకాయలకు దొడ్డి కట్టినారు? నా మేకల్ని గూడా లోపలికి తోలమంటావా?"

"వాటికి ఊహాశక్తి ఉండదు మల్లయ్యా."

"అట్లయితే బయటనే మేస్తాయిలే," అని వాడు మేకల్ని తోలుకుపోయాడు. చదువు లేకపోతే మనిషి ఎంత నష్టపోతాడో చూడండి!

ఫలితాలంటారా? అద్భుతం! చిరిగిన పరికిణీలు కుట్టే పని మా ఇంటిదానికి తప్పింది. వసుంధర అయిదు కొట్టేసరికి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని అన్నం తినేది. అంతే, తినేది.

"ఈ పొద్దు ఏం ఆడుకున్నావమ్మా?"

"గుర్రం ఆట."

"ఏం చేసింది గుర్రం?"

"ఏం చెయ్యలేదు నాయనా. పలక మీద రాసుండాది, చదివినాం."

మా ఆవిడ కోటిరత్నం మజ్జిగ పోస్తూ, "పిల్ల నోరు విప్పి పది దినాలాయె. మీ కమిటీకి తెలుసునా?" అంది. మౌనమే ఊహకు తొలిమెట్టని ఆమెకు వివరించాను. లోపల మాత్రం చురుక్కుమంది. ప్రెసిడెంటన్నాక అలాంటివి బయటపెట్టకూడదు.

ఆ వారంలోనే ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు. పిల్లలు వరసగా నిలబడి, టైముకు ఆశ్చర్యపడ్డారు. ఆయన ముచ్చటపడి, ప్రెసిడెంటుగారి అమ్మాయిని ముందుకు పిలిచి, దోసెడు ఇసుక కుప్పగా పోసి, "ఇది ఏమిటనుకుంటావో నీ ఇష్టం, చెప్పు తల్లీ," అన్నారు.

వసుంధర ఇసుకను చూసింది. ఆయన్ను చూసింది. నా వైపు తిరిగింది.

"ఏం అనుకోవాల్నో చెప్పు నాయనా. అదే అనుకుంటా."

చప్పట్లే చప్పట్లు! ఇంత క్రమశిక్షణ జిల్లాలో ఎక్కడా చూడలేదని, గిద్దలూరులో కూడా ఇలాంటి కమిటీ వేయిస్తానని ఆఫీసరుగారు ప్రకటించారు. నేనూ చప్పట్లు కొట్టాను. వసుంధర మాత్రం జవాబు కోసం ఇంకా నా వైపే చూస్తోంది.

మర్నాడు ఎవరికీ తెలియకుండా గంపెడు విరిగిన ముక్కలు తెచ్చి మా పెరట్లో పోసి, ఆడుకోమన్నాను. నా తీర్మానానికి నేనే తూట్లు! వసుంధర బుద్ధిగా కూర్చుంది. ఒక్కో ముక్క ఎత్తి, అంచు మీద వేలు పెట్టి చూసి, రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప నా వైపు నెట్టి, "ఇవి పనికిరావు నాయనా," అంది. ఏరడంలో ఒక్క తప్పు లేదు. నాకు ఏడుపొచ్చింది.

కాబట్టి గిద్దలూరు పెద్దలకు నా మనవి. కమిటీ వేసుకోండి, మా టైంటేబుల్ ఉచితంగా పంపిస్తాను. బదులుగా ఒక్క సాయం చేయండి. ఇంకా ఏ ప్రెసిడెంటు చేతా ప్రోత్సాహం పొందని పిల్ల మీ ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే, నాలుగు రోజులు మా ఇంటికి పంపండి. భోజనాల వేళ మా అమ్మాయి పక్కన కూర్చుని నోటికొచ్చిన అబద్ధాలన్నీ చెబితే చాలు. నేను వసారాలోనే ఉంటాను. ఏం జరిగినా నన్ను లోపలికి రానివ్వొద్దని కోటిరత్నంతో ఒట్టు వేయించుకున్నాను.