మూసిన వీధి తలుపు

ఆ రోజు క్రిసాంతో పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు పడుకోవాలి. యాభై ఏళ్ళు ఆలివ్ తోటల్లో ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి అదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కానీ తెల్ల సున్నం గోడలు చూడటానికి ఆ స్పెయిన్ కొండ ఊరు బెనాల్గరాలో బస్సులు దిగే జనం పుణ్యమా అని ఆ సుఖం కూడా గగనమైపోయింది. మొన్నటికి మొన్న ఒక జంట నేరుగా పడకగదిలోకి వచ్చి, గురకపెడుతున్న అతని అరికాళ్ళను ఫొటో తీసుకుని వెళ్ళింది.

"ఇవాళ వీధి తలుపు మూసేస్తా," అన్నాడు.

"మతి పోయిందా? పట్టపగలు తలుపు మూస్తే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు," అంది భార్య వీర్తూదెస్. "మీ అమ్మ పోయిన రోజు తప్ప ఈ తలుపు ఎప్పుడైనా మూశామా?"

"అనుకోవడానికి ఈ వీధిలో ఎవరు మిగిలారే? మనమూ, ఎదురింటి ప్రాక్సెదెస్. తక్కినవన్నీ టూరిస్టుల అద్దె గదులేగా!"

తలుపు మూసి, తుప్పుపట్టిన గడియను కసికొద్దీ బిగించాడు. అది ఇక ఊడిరాకుండా బిగుసుకుపోయింది. అతను పడుకున్నాక వీర్తూదెస్ సణుక్కుంటూ, కళ్ళలోకి కారే చెమట తుడుచుకుంటూ, పెరటి దారిన కింది వీధిలోని చెల్లెలింటికి బయల్దేరింది.

ప్రాక్సెదెస్ మూసి ఉన్న ఎదురింటి తలుపు చూసింది, సందు మలుపులో కళ్ళు తుడుచుకుంటూ పోతున్న వీర్తూదెస్‌నూ చూసింది. చావింటి తలుపు తట్టడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. అందుకని తిన్నగా చర్చికి పోయి, గంటలు కొట్టే నికాసియోను లేపింది.

"ఆడా, మగా?" అన్నాడతను ఆవులిస్తూ.

"మగే. పాపం, ఆవిడ ఏడుస్తూ పోయింది."

మగవాడు పోతే మూడుసార్లు కొట్టాలి; నికాసియో చర్చి గంట మూడుసార్లు మోగించాడు. చెల్లెలింట్లో కాఫీ తాగుతున్న వీర్తూదెస్‌ను కిటికీలోంచి చూసి నికాసియో భార్య కేక పెట్టింది. "అయ్యో అక్కా, ఇక్కడున్నావేంటి? మీ ఆయన పోయాడట!"

అరగంట క్రితం నిద్రపోతున్న మనిషి! తన తోడు లేకుండానే పోయాడా? వీర్తూదెస్ గుండెలు బాదుకుంటూ, నొప్పెట్టే మోకాళ్ళతో ఆ నిట్టనిలువు వీధి ఎక్కసాగింది.

గంటల మోతకు క్రిసాంతో కూడా లేచాడు. ఎవరు పోయినా వెళ్ళి తీరాలి కదా! నల్లకోటు వేసుకున్నాడు. గడియ ఎంత లాగినా రాకపోయేసరికి పెరటి దారిన బయటపడి, జనం పోతున్న వైపే నడిచాడు. సందు తిరిగేసరికి వాళ్ళంతా తన గుమ్మం ముందే నిలబడి ఉన్నారు. పదిమంది ముసలివాళ్ళు, ముప్ఫైమంది టూరిస్టులు. వెనక వరసలో మేయరు ప్రాక్సెదెస్‌తో గుసగుసలాడుతున్నాడు.

"పోయిందెవరు?" అన్నాడు క్రిసాంతో వెనకనుంచి, టోపీ తీసి.

మేయరు తల తిప్పలేదు. "ఆ మొండి క్రిసాంతో. నాలుగేళ్ళుగా ఇల్లివ్వమంటే ఇవ్వడే! అది కలిస్తే ఈ వరసంతా ఒకే హోటల్. ముసలామెకు మాలగా పట్నంలో ఫ్లాటిస్తాం, లిఫ్టుతో సహా. ఆవిడ కాదనదులే."

"నన్నడగవా?" అన్నాడు క్రిసాంతో.

మేయరు వెనక్కి తిరిగాడు, మొహంలో రక్తం లేదు. ప్రాక్సెదెస్ కెవ్వుమంది. అంతలోనే పైకి చేరిన వీర్తూదెస్ మొగుణ్ణి చూసి, ఏడుస్తూ ఒక్క చెంపదెబ్బ కొట్టి, అతన్ని పట్టుకుని వదల్లేదు. ఇదంతా ఊరివాళ్ళు తమకోసం ఆడిన నాటకమనుకుని టూరిస్టులు చప్పట్లు కొట్టారు. దండకు పువ్వులు కోసినవాళ్ళు మాత్రం మొహాలు చిట్లించుకుని, అతనేదో మోసం చేసినట్టు చూస్తూ వెళ్ళిపోయారు. బతికున్నందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సివస్తుందని క్రిసాంతో ఎన్నడూ అనుకోలేదు.

సాయంత్రం వంటింట్లో మేయరు మాటలన్నీ పూసగుచ్చినట్టు భార్యకు చెప్పాడు. "చూశావా ఎంత నీచుడో! నేను పోతే చాలట, నువ్వు ఒప్పేసుకుంటావట!"

వీర్తూదెస్ మోకాళ్ళకు కర్పూరం నూనె రాసుకుంటోంది.

"లిఫ్టు ఉందన్నాడా?"

"ఉంటే ఏంటి? నేను బతికుండగా ఈ ఇల్లు వదిలే ప్రసక్తే లేదు!"

"అవును," అంది వీర్తూదెస్ రెండో మోకాలికి నూనె రాస్తూ. "నాకూ అదే అర్థమైంది."