పాలకాపుకి మూడు లోపాలు

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి దరఖాస్తు చివరిసారి చదువుకోవాలి, పదింటికి పంపేయాలి, పదకొండింటికి పడుకోవాలి. మూడు వారాలుగా ఆమెకు కంటి నిండా నిద్ర లేదు పాపం.

దరఖాస్తు ఒక స్టార్టప్ యాక్సిలరేటర్‌కి. అంటే, అప్పుడే పుట్టిన చిన్న చిన్న కంపెనీలను మూడు నెలలు తమ దగ్గర ఉంచుకుని, ప్రయోగశాల ఇచ్చి, తెలిసినవాళ్ల చేత నాలుగు మంచి మాటలు చెప్పించి, పరుగులు పెట్టించి బయటికి పంపే సంస్థ. పది కంపెనీలకే చోటు. కోడలి కంపెనీలో ఉన్నది కోడలు ఒక్కతే. తయారుచేసే వస్తువూ ఒక్కటే, దాని పేరు పాలకాపు. పొయ్యికి పక్కన బిగిస్తే దాని కన్ను గిన్నెను చూస్తూ ఉంటుంది. పాలు పొంగబోతున్నాయనగానే మోటారు నాబ్ తిప్పి పొయ్యి ఆర్పేస్తుంది. మనిషి హాయిగా వెళ్లి ఫోన్లో కబుర్లు చెప్పుకోవచ్చు.

ఈ పాలకాపు కోసమే ఆమె కరెంటు మీటర్ల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ల ఉద్యోగం పక్కన పెట్టి, వెనక గదిలో టంకాలు వేసుకుంటూ కూర్చుంది. ఫ్యాక్టరీవాళ్లు మంచివాళ్లు కాబట్టి ఏడాది సెలవు ఇచ్చారు. ఆ ఏడాది మరో పది రోజుల్లో, సోమవారంతో అయిపోతుంది. ఆ రోజు వెళ్లి చేరకపోతే ఆమె కుర్చీ ఇంకొకరిది. యాక్సిలరేటర్‌లో చోటు రాకపోతే నోరు మూసుకుని మీటర్ల దగ్గరికే పోతానని ఆమె తనకు తానే మాట ఇచ్చుకుంది. వేరేవాళ్లకి ఇచ్చిన మాటైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. దీనికి ఆ వీలు కూడా లేదు.

దరఖాస్తులో చిక్కు ఒక్కచోటే వచ్చింది. వస్తువును వాడి చూసిన, యంత్రాల సంగతి తెలిసిన ఒక మనిషి సిఫారసు కావాలన్నారు. ఆ ఫారం నేరుగా ఆ మనిషి ఫోన్‌కే వెళ్తుంది, ఆయన ఏం రాశాడో దరఖాస్తు పెట్టినవాళ్లకు కనిపించదు. అలాంటి మనిషి ఇంట్లోనే ఉన్నారు. మామగారు ముప్పై నాలుగేళ్లు బాయిలర్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఫ్యాక్టరీల్లో ఆవిరి బాయిలర్లు పేలకుండా చూడటం ఆయన పని. ఆయన సంతకం పెట్టిన బాయిలర్ ఒక్కటీ పేలలేదు. ఆయన చేత సంతకం పెట్టించుకోలేక అలాగే చల్లారిపోయినవి మాత్రం కొన్ని ఉన్నాయంటారు.

సిఫారసు చేసేవారితో సంబంధం ఏమిటన్న గడిలో కోడలు ‘సాంకేతిక పరీక్షకులు’ అని రాసింది. మామగారని రాస్తే ఇంటివాళ్ల పొగడ్త కింద తీసి పారేస్తారని ఆమె భయం. ఆ భయం ఎంత అనవసరమో సాయంత్రానికి గాని తెలియలేదు.

“మామయ్యగారూ, ఐదు నిమిషాల పని. సాయంత్రంలోగా నింపి పంపితే చాలు,” అని ఫోన్ ఆయన చేతికిచ్చి ఆమె వెళ్లి పడుకుంది. తప్పు అక్కడే జరిగింది. ఇన్‌స్పెక్టరు చేతికి ఫారం ఇచ్చి నిద్రపోయిన ఫ్యాక్టరీ యజమాని ఈ భూమ్మీద ఒక్కడూ లేడు.

మామగారు ఫారాన్ని రెండుసార్లు చదివారు. బీరువాలోంచి పాత స్టాప్‌వాచీ, గళ్ల పుస్తకం బయటికి తీశారు. అత్తగారిని వంటగదిలోంచి సాగనంపి తలుపు వేసుకున్నారు. కాసేపటికి సంచీ పట్టుకుని దుకాణానికి వెళ్లి పాలు తెచ్చారు, చాలక మళ్లీ వెళ్లారు, మూడోసారి వెళితే దుకాణం అతను ఇంట్లో శుభకార్యమా అని అడిగాడట. నాలుగింటికి కోడలు లేచేసరికి ఇల్లంతా కాగిన పాల వాసన. బకెట్లో పాలు, చెంబుల్లో పాలు, చివరికి టేబుల్ మీద పూలు పెట్టే గాజు కూజాలో కూడా పాలే. అత్తగారు మెట్ల మీద నిలబడి పై వాటావాళ్లనీ కింది వాటావాళ్లనీ గిన్నెలు తెచ్చుకోమని కేకేస్తున్నారు.

మామగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత తృప్తి ఎవరూ చూడలేదు. నలభై సార్లు కాచానని, ముప్పై ఏడు సార్లు సరిగ్గా ఆగిందని, మూడు లోపాలు దొరికాయని చెప్పారు.

“లోపాలు కూడా రాశారా?” అంది కోడలు.

“దొరికాక రాయకుండా ఎలా ఉంటామమ్మా?”

“చివర్లో సిఫారసు చేస్తారా అని ఒక ప్రశ్న ఉంటుంది కదా...”

“ప్రస్తుత స్థితిలో చేయను అని రాశాను. పంపించేశాను కూడా.”

గడువు ఐదింటితో సరి. ఆ గంటలో ఇంకొక బాయిలర్ ఇన్‌స్పెక్టరును ఎక్కణ్ణుంచి పట్టుకొస్తుంది? మందుల దుకాణంలో పని ముగించుకుని వచ్చిన భర్త సంగతి విని తల పట్టుకున్నాడు. అత్తగారు ఆ పూట నుంచి మామగారితో మాట మానేశారు. ఏం చెప్పాలన్నా గోడకు చెప్పడం మొదలుపెట్టారు. బాయిలర్లకి రాసిన చేత్తోనే కోడలికీ రాసే మనిషి ఉంటాడా అని గోడను అడిగారు. గోడ ఏమీ అనలేదు, మామగారూ ఏమీ అనలేదు. గళ్ల పుస్తకంలోంచి మూడు పేజీలు చింపి, తన రిపోర్టు నకలు కోడలి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఒక రోజంతా ఆమె ఆ కాగితాలు ముట్టుకోలేదు. రెండో రోజు పారేద్దామని తీసి, పారేసే ముందు చదివింది. మొదటి లోపం: కిటికీ తెరిచి ఉంటే ఆవిరి పక్కకి కొట్టుకొచ్చి కంటికి అడ్డుపడి, కన్ను మోసపోయి, పొయ్యి ముందే ఆరిపోతోంది. రెండోది: వరసగా నాలుగు సార్లు కాచాక కంటి మీద చెమ్మ పడుతోంది. మూడోది: అడుగు మందంగా ఉన్న గిన్నెలో, పొయ్యి ఆరాక కూడా లోపలి వేడికి పాలు ఆరు సెకన్ల తర్వాత పొంగుతున్నాయి. చదువుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన తప్పు రాసినందుకైతే ఆ మంట ఎప్పుడో చల్లారేది. ఆయన రాసింది ప్రతి అక్షరం నిజం.

చీరకొంగు బిగించి ఆమె బల్ల ముందు కూర్చుంది. ఇక దరఖాస్తు ఎలాగూ పోయింది, కానీ ఆ మూడు పేజీలకి మాత్రం జవాబు చెప్పి తీరాలి. మూడు రోజుల్లో కంటికి చిన్న గొడుగు అమర్చింది, చెమ్మ పట్టకుండా ఒక చిన్న వేడి తీగ చుట్టింది. మూడో లోపం మాత్రం ఎంత కుస్తీ పట్టినా లొంగలేదు.

ఇక్కడ ఆమె కుస్తీ పడుతుండగా, అక్కడ ఇంట్లోవాళ్లు ఆమెకు మేలు చేయడం మొదలుపెట్టారు. భర్త ఎవరికీ చెప్పకుండా యాక్సిలరేటర్‌వాళ్లకి శ్రేయోభిలాషి పేరుతో ఒక ఉత్తరం కొట్టాడు. ఆ పరీక్షకులు బాగా పెద్దవారని, మోకాళ్లు పనిచేయవని, మనసు కూడా కుదురుగా ఉండదని, ఆయన రాసింది దయచేసి పట్టించుకోవద్దని దాని సారాంశం. మందుల దుకాణం మనిషి కావడంతో జబ్బుల వర్ణన బ్రహ్మాండంగా కుదిరింది. అదే రోజు మధ్యాహ్నం అత్తగారు వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేశారు. ఎత్తిన అమ్మాయి ఎవరో ఓపికమంతురాలు. మా ఆయనకి మెచ్చుకోవడం చేతకాదని, నలభై ఏళ్ల కాపురంలో తన వంటకి కూడా ‘పరవాలేదు’ దాటి ఒక్క మాట రాలేదని, కోడలి మీద కోపం పెట్టుకోవద్దని చెప్పి, పనిలో పనిగా తన కీళ్ల నొప్పుల సంగతి కూడా చెప్పి ఫోన్ పెట్టేశారు. తల్లి చేసింది కొడుక్కి తెలియదు, కొడుకు చేసింది తల్లికి తెలియదు, ఎవరు చేసిందీ కోడలికి తెలియదు.

ఐదో రోజు కోడలికి జవాబు వచ్చింది. శుక్రవారం వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: ‘మీ సాంకేతిక పరీక్షకులను తప్పక వెంట తీసుకురండి. వారి కోసం తగిన ఏర్పాట్లు చేశాం.’

సంబంధం దాచిన సంగతి బయటపడి ఉంటుంది, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి కడిగేస్తారు అనుకుందామె. ఏర్పాట్లంటే ఏమై ఉంటుందని భర్తను అడిగితే అతనికి దగ్గు వచ్చింది. అత్తగారికి వంటగదిలో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది. మామగారు మాత్రం బూట్లు పాలిష్ చేసుకున్నారు.

శుక్రవారం నలుగురూ వెళ్లారు. ఏర్పాటు గేటు దగ్గరే ఎదురైంది. ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీతో నిలబడి, పరీక్షకులవారు మీరేనా అని అడిగి, ఎంతో మెత్తగా మామగారి చేతులు పట్టుకున్నారు. భర్త పక్కకి తిరిగి నోటీసు బోర్డు చదవడం మొదలుపెట్టాడు. కోడలు అడ్డుపడేలోగా మామగారు కూర్చోనే కూర్చున్నారు. సర్వీసులో ఉండగా ఫ్యాక్టరీవాళ్లు గేటు దగ్గరికి కారు పంపేవాళ్లు. రోజులు మారాయి, ఇప్పుడు కుర్చీ పంపుతున్నారు కాబోలు అనుకున్నారాయన. లిఫ్టు దాకా వెళ్లేలోపు కుడి బ్రేకు వదులుగా ఉందని తోసేవాళ్లకి చెప్పారు.

గదిలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. ఆవిడ మామగారిని చూసి, మంచినీళ్లు కావాలా, దుప్పటి కావాలా అని అడిగింది. ఆయన అక్కర్లేదని, ముందు పని కానివ్వమని అన్నారు. కోడలు పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, పాలకాపు బిగించి మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు బాగానే గడిచాయి. పాలు వేడెక్కుతున్నాయి. అప్పుడు మామగారు కుర్చీలోంచి లేచి, గబగబా నాలుగు అడుగులు వేసి, కిటికీ తలుపు బార్లా తెరిచారు.

ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. “అయ్యో, మీరు నడవకూడదు కదా,” అంది పెద్దావిడ.

“ఎవరన్నారు?” అన్నారు మామగారు. “గాలి లేని గదిలో పరీక్షేమిటండీ? వంటిళ్లకి కిటికీలుంటాయి.”

భర్త కళ్లు మూసుకున్నాడు. అత్తగారు గోడ కోసం చూశారు. కోడలికి మాత్రం భయం ఎటు పోయిందో పోయింది. వారం రోజులుగా ఈ మనిషికి జవాబు చెప్పాలని కూర్చుంది, ఇంతకంటే మంచి సమయం ఇంకెప్పుడు దొరుకుతుంది?

“ఆ రెండో కిటికీ కూడా తెరవండి, మామయ్యగారూ,” అంది.

నోట్లోంచి మాట జారాక గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. గదిలో అందరూ వినేశారు. మామగారు రెండో కిటికీ తెరిచారు. గాలి రివ్వున వచ్చి బల్ల మీది కాగితాలు ఎగిరాయి, మంట ఒరిగింది, ఆవిరి పక్కకి పోయింది. పాలు పైకి లేచి గిన్నె అంచు దాకా వచ్చాయి. పాలకాపు టక్కున నాబ్ తిప్పింది. ఒక్క చుక్క కింద పడలేదు.

“రెండు లోపాలు పోయాయి,” అంది కోడలు. “మూడోది పోలేదు. అడుగు మందం గిన్నె పెడితే ఇప్పటికీ పొంగుతుంది. ఎందుకు పొంగుతుందో నాకు తెలుసు, దాన్ని కొలిచే సామాను మా వెనక గదిలో లేదు. మీ ప్రయోగశాలలో ఉంది, అందుకే వచ్చాను. ఆయన మా మామగారు. ఆ గడిలో ఆ మాట రాయకపోవడం నా తప్పు.”

“అది మాకు ముందే తెలుసు,” అంది పెద్దావిడ. “మీ అత్తగారు నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడారు. ఆయనకి ఆరోగ్యం బాగాలేదని రాసిందెవరో మాత్రం తెలియలేదు.”

అందరూ భర్త వైపు చూశారు. అతను మళ్లీ దగ్గాడు. మామగారు కొడుకును ఎగాదిగా చూసి, కుర్చీ వైపు చూసి, సంగతి అర్థం చేసుకుని, ఇంటికెళ్లాక మాట్లాడదామన్నారు.

ఇప్పుడైనా సిఫారసు చేస్తారా అని పెద్దావిడ అడిగింది. మామగారు గిన్నె దగ్గరికెళ్లి వంగి చూశారు, పొయ్యి చుట్టూ వేలితో తడిమి చూశారు. అప్పుడు కోడలి వైపు తిరిగారు.

“బయటి మనిషైతే మూడో లోపం దాకా వెతికేవాణ్ణి కాదు. మా అమ్మాయి కాబట్టి వెతికాను. ముప్పై నాలుగేళ్లలో ఎన్నో ఫ్యాక్టరీలు తిరిగాను. లోపం దాచిన యజమానుల్నే చూశాను గాని, నిలబడి తనంతట తాను చెప్పిన మనిషిని ఇవాళే చూస్తున్నాను. ఈమె మా ఇంటి కోడలని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది. సిఫారసు చేస్తున్నాను. ఆ రోజే ఈ మాట రాద్దామనుకున్నాను గాని, మీ ఫారంలో దానికి గడి లేదు.”

కోడలు పొయ్యి సర్దుతున్నట్టు అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. అత్తగారు వారం రోజుల తర్వాత మొదటిసారి గోడతో కాకుండా నేరుగా మొగుడితోనే మాట్లాడారు. నాలుగు మాటలు వరసగా మెచ్చుకునే శక్తి ఒంట్లో ఉండగా నలభై ఏళ్లు దాన్ని ఎక్కడ దాచారని అడిగారు.

ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. పాలకాపుకి చోటు దొరికింది. వచ్చిన రెండువందల పన్నెండు దరఖాస్తుల్లో లోపాలు రాసిన సిఫారసు అదొక్కటేనని, మిగతా రెండువందల పదకొండు వస్తువులకూ ఈ లోకంలో వంకే లేదని వాటి పరీక్షకులు హామీ ఇచ్చారని రాశారు. సోమవారం కోడలు ఫ్యాక్టరీకి వెళ్లి గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, మళ్లీ రానని చెప్పి, ఎనిమిదేళ్లు వెనక గేటులోంచి తిరిగిన మనిషి ముందు గేటులోంచి బయటికొచ్చింది.

మామగారికి వేరే ఉత్తరం వచ్చింది. ఎంపికైన మిగతా తొమ్మిది కంపెనీల వస్తువులను కూడా దయచేసి ఒకసారి తనిఖీ చేసి పెట్టమని కోరారు. ఆయన మళ్లీ బూట్లు పాలిష్ చేసుకుని, కొత్త గళ్ల పుస్తకం కొనుక్కుని వెళ్లారు.

అందరినీ పరుగులు పెట్టించే ఆ మూడు నెలల కార్యక్రమం ఇప్పుడు ఏడో నెలలో ఉంది.