చెయ్యెత్తితే ఆగే నూకరాజు

పొద్దున్నే భార్య జోగమ్మ గ్లాసులో టీ పోస్తూ నూకరాజు తన పథకాన్ని పరీక్షించుకున్నాడు. ఆమె చాలన్నట్టు చెయ్యెత్తింది. అతను ఆపలేదు. గ్లాసు నిండి, సాసరు నిండి, టీ ఆమె చీర మీదికి జారింది.

"ఏటండీ ఇది? చెయ్యెత్తినాను కదా."

"ఎత్తినావు. నేనాగనేదు," అన్నాడు నూకరాజు గర్వంగా. "ఇవాళ డ్రైవింగ్ టెస్టు పాసయిపోయినట్టే."

వలసొచ్చిన హిందీ ఊళ్ళో, ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి నడిపి రిటైరైన మనిషి. అక్కడ కింద ఎవరు చెయ్యెత్తినా, జనరల్ మేనేజరైనా ఊడ్చేవాడైనా, క్రేన్ ఆగాల్సిందే. కారణం తర్వాత అడగాలి. నెత్తిమీద కరిగిన ఉక్కు వేలాడుతుండగా ముందే అడుగుతూ కూర్చుంటే, జవాబు చెప్పడానికి ఎవడూ మిగలడు. ఆ అలవాటే కారెక్కాక కొంప ముంచింది. ఒక టెస్టులో ఎవడో చెయ్యెత్తి చాయ్‌వాలాను పిలిచాడు. నూకరాజు బ్రేకు వేశాడు. ఇంకోదాంట్లో గట్టుమీద ఒకాయన ఒళ్ళు విరుచుకున్నాడు. మళ్ళీ బ్రేకు. కిందటిసారి పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరే తల గోక్కోబోయాడు.

"అంకుల్, ఇకమీద చేతులు చూడకండి. రోడ్డు చూడండి," అన్నాడాయన విసిగిపోయి.

ఈసారీ తప్పితే, ముచ్చటపడి కొన్న కారును అల్లుడికి ఇచ్చెయ్యాలని ఇంట్లో తీర్మానమైంది. ఆ అల్లుడు సతీష్‌కుమార్ ప్లాంటులో ఆఫీసరు. స్మృతి నగర్‌లో ఇంటిముందు షెడ్డు కూడా వేయించాడు.

"ఓడిపోవడం తప్పుకాదు మావయ్యా. ఎప్పుడు మానెయ్యాలో తెలియాలి," అన్నాడు టెస్టుకు తోడొచ్చి. బతుకులో ఒక్క పరీక్షా తప్పనివాళ్ళకు ఇలాంటి మాటలు బాగా వస్తాయి.

"షెడ్డు బాగుందట కదా బాబూ. మేకల్ని కట్టుకో," అన్నాడు నూకరాజు, కారెక్కుతూ.

గేటు దాటగానే ఇన్‌స్పెక్టరు ఎడమకు తిరగమని చెయ్యి చాపాడు. నూకరాజు రోడ్డే చూశాడు. కారు తిన్నగా పోయింది. "రోకియే అంకుల్, ఆపండి," అంటూ ఆయన చెయ్యెత్తాడు. క్రేన్ రొదలో ముదిరిన చెవులకు నోటిమాట ఎప్పుడూ లెక్కలోది కాదు. చేతులేమో ఇవాళ చూడకూడదు. కారు ఇంకా తిన్నగా పోయింది.

సతీష్‌కుమార్ చెయ్యి ఊపుతూ స్కూటర్ మీద వెంటబడ్డాడు. అది చూసి పాన్ షాపువాడు "బ్రేక్ ఫెయిల్, హటో, తప్పుకోండి," అని కేకేశాడు. నెహ్రూ నగర్ దాటేసరికి ఆ మాట కారుకంటే ముందు పరుగెత్తుతోంది. కూరల బళ్ళు తప్పుకున్నాయి. పెళ్ళి బ్యాండువాళ్ళు డప్పులతో సహా గోడెక్కారు. రోడ్డు పొడుగునా ఎత్తిన చేతులే. వాటి మధ్యనుంచి నూకరాజు నిబ్బరంగా, బండికి గీత పడకుండా నడిపాడు. చివరికి రుఆబాంధా బజారు సందులో ఆగాడు. ఎదురుగా గోడ ఉంది గనక.

"ఫెయిల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, సీసాడు నీళ్ళు తాగి. "చెయ్యెత్తితే ఆగలేదు."

"ఆగితే ఫెయిలన్నారు. ఆగకపోయినా ఫెయిలంటే ఎలాగ సాబ్?"

ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు. వెనకేమో జనం, బళ్ళు. "ముందు బండిని బయటికి తియ్యండి," అన్నాడు.

"అయితే మీరు దిగి వెనక నిలబడి సైగలు చెయ్యండి. ఇప్పుడు చేతులు చూస్తాను."

ఇన్‌స్పెక్టరు వెనక్కి నడుస్తూ సైగలు చేశాడు. జిలేబీ బండికీ కరెంటు స్తంభానికీ మధ్య, బెత్తెడు సందు మిగిల్చి, కారు తీగ లాగినట్టు వెనక్కి జారింది. వెంట వచ్చిన అల్లుడు స్కూటర్‌ను పక్కకు లాక్కున్నాడు. అంతలో ఇన్‌స్పెక్టరు బంగాళాదుంపల బస్తా తట్టుకుని వెల్లకిలా పడి, అద్దంలోంచి మాయమయ్యాడు. ఏమైందో ఎవరికీ తెలిసేలోపే, అల్లం అమ్ముకునే ముసలమ్మ ఒకతె మాటాపలుకూ లేకుండా చెయ్యెత్తింది.

కారు ఆగింది. టైరు ఇన్‌స్పెక్టరు బూటును ముట్టుకుంది, అంతే.

ఆయన పడ్డచోటినుంచే తలెత్తి ఆ టైరు వంక చూశాడు. "ఎందుకు ఆపారు అంకుల్?"

"ఆవిడ చెయ్యెత్తింది కద సాబ్. ఎందుకో నాకేటి తెలుసు?"

ఇన్‌స్పెక్టరు లేచి, బట్టలు దులుపుకుని, "పాస్," అన్నాడు.

"ఇదెక్కడి టెస్టు సార్?" అన్నాడు సతీష్‌కుమార్.

"మీరూ ఒకసారి పడుకుని చూడండి, తెలుస్తుంది."

నూకరాజు మర్యాదగా పక్క తలుపు తెరిచి, ఆఫీసు దగ్గర దింపుతాను రమ్మన్నాడు. పాస్ చేసిన పెద్దమనిషి ఆటోలో వెళ్ళాడు.