తియ్యటి పటిక

ఆ ఉదయం నీళ్ల ట్యాంకు ఆపరేటరు వేసుకున్న పథకం చాలా సులువు. వానకు వాగునీరు ఎర్రగా వస్తోంది. తొట్టిలో పటిక కలిపితే రెండు గంటల్లో మట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని ఇసుక ఫిల్టరుకు వదిలితే, పదింటికి ఇంజనీరు వచ్చేసరికి కుళాయిల్లో తేటనీరు వస్తుంది. ఆయన మెచ్చితే ఆరేళ్ల టెంపరరీ ఉద్యోగం పర్మినెంటవుతుంది. బురదనీరు పోయి ఫిల్టరు పూడుకుపోయిందా, ఇక ఉద్యోగం మాటే ఉండదు.

ముందురోజు వంటింటి అలమరలో తెచ్చిపెట్టిన పొట్లం తీసుకెళ్లి, బకెట్లో కరిగించి తొట్టిలో పోశాడు. గంటన్నర తర్వాత గ్లాసు ముంచి చూస్తే నీళ్లు పొద్దుటిలాగే ఎర్రగా ఉన్నాయి. బకెట్ చుట్టూ మాత్రం చీమలు బారులు తీరాయి. అనుమానమొచ్చి బకెట్ అడుగున వేలితో రాసి నాలుక్కి తగిలించుకున్నాడు. తియ్యగా ఉంది. అది మామగారి దగ్గుకు తెప్పించిన పటికబెల్లం.

సైకిలెక్కి ఇంటికి చేరేసరికి గుమ్మంలో భార్య పాలవాడితో తగువు పడుతోంది.

"నాన్నకని పటికబెల్లం వేసి కాచానో లేదో, రెండు లీటర్లూ విరిగిపోయాయి. పాలల్లో ఏం కలిపావయ్యా?"

"నేనేం కలుపుతానమ్మా, నీళ్లు తప్ప" అని నోరు జారాడు పాలవాడు. వెంటనే సర్దుకున్నాడు. "ఆ నీళ్లలోనే ఏదో తేడా ఉంది. మీ ఆయన్నే అడగండి."

"ముందా పొట్లం ఇటివ్వు. నువ్వు పాలల్లో వేసింది పటిక. నీ పటికబెల్లం నేను ట్యాంకులో కలిపేశాను" అన్నాడు ఆపరేటరు.

ఎదురింటావిడకు ఇందులో సగమే వినిపించింది. "ట్యాంకులో ఏదో కలిపాడట. పాలు కూడా విరిగిపోతున్నాయట" అని ఆవిడ మిగతా సగం పూర్తిచేసింది.

అతను ట్యాంకు చేరేసరికి వెనక సగం వీధి ఉంది, ముందు ఇంజనీరు జీపు ఉంది.

"కుళాయిల్లో నీళ్లు రావట్లేదేం?"

దాచడానికి ఆపరేటరు దగ్గర ఓపిక మిగల్లేదు. "పటికనుకుని పటికబెల్లం కలిపాను సార్. మట్టి దిగలేదు. అందుకే ఫిల్టరు వాల్వు తిప్పలేదు."

ఇంజనీరు గ్లాసును చూశాడు. చీమల్ని చూశాడు.

"పొద్దున్నుంచి మూడు ఊళ్లు తిరిగొచ్చా. నేనొస్తున్నానని ముగ్గురూ బురదనీళ్లే ఇసుక మీదకి వదిలేశారు. మూడు ఫిల్టర్లూ పూడుకుపోయాయి. వారం దాకా అక్కడ నీళ్లుండవు. నువ్వొక్కడివే ఆపావయ్యా. తొట్టి ఖాళీ చేసి మళ్లీ నింపు. ఈసారి రుచి చూసి కలుపు."

బతుకు జీవుడా అనుకున్నాడు ఆపరేటరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట ఊళ్లో తేటగా ఉన్న నీళ్లు అవొక్కటే.

మధ్యాహ్నానికి కుళాయిలూ తేరుకున్నాయి. ఇతన్ని పర్మినెంటు చేయవచ్చని రిజిస్టరులో రాసి, 'సరఫరా ఆలస్యానికి కారణం' అన్న గడిలో ఇంజనీరు 'తీపి' అని నింపి సంతకం పెట్టాడు.